పిడికెడు బియ్యము: దోర్నకల్ సంఘచరిత్రలో ఒక అధ్యాయము

కాజీపేటనుండి విజయవాడకు బోవు రైలుమార్గమున, ఇల్లెందు బొగ్గుగనులవైపు శాఖామార్గము చీలిపోవు చోట, దోర్నకల్ అను జంక్షను కలదు. నేడది తెలంగాణమందలి మహబూబాబాద్ జిల్లాలోనిది. నూరేండ్లకు పూర్వము నిజాము రాజ్యపు తూర్పుకొసన, అడవులకును చెలకలకును నడుమ, రైలు ఆగుటయే విశేషముగాగల చిన్న ఊరు. ఇట్టి యూరిపేరు 1912వ సంవత్సరము డిసెంబరు 29వ తేదీన కలకత్తాలోని సెయింట్ పాల్ కథీడ్రలునందు పదునొకండ్రు బిషప్పుల సమక్షమున ఉచ్చరింపబడి, ఆంగ్లికను సంఘమునకు తొలి భారతీయాధ్యక్షులైన వేదనాయగం శామ్యూల్ అజరయ్యగారి పీఠనామమై, క్రైస్తవ ప్రపంచచరిత్రలో నిలిచిపోయినది. ఆ పీఠమును గూర్చియు, ఆ మహనీయుని గూర్చియు వ్రాసినవారు పెక్కురు కలరు. నేను వ్రాయదలచినది ఆ అధ్యక్షమండలమందలి బీదల ఇండ్లలో పొయ్యిప్రక్కనుండిన యొక మట్టికుండను గూర్చి. ఏలయన, నేడు మన సంఘములను పీడించుచున్న రాజకీయ సాంస్కృతిక వ్యాధులలో పెక్కింటికి నిదానము ఆ కుండ మూలబడుటయందే కలదని నా దృఢవిశ్వాసము.

ఆచారము మిక్కిలి సరళమైనది. ఇల్లాలు బియ్యమును చేటలో పోసి చెరిగి, రాళ్లేరి, కడిగి ఎసటిలో వేయుటకు ముందు, ఆ పూట తన యింటివారికి కావలెనని కొలిచిన దానిలోనుండియే ఒక పిడికెడు తీసి, కన్నులు మూసికొని క్షణకాలము ప్రార్థించి, వేరుగానుంచిన కుండలో వేయును. వరియన్నము పండుగనాటి మాటగానున్న మెట్టసీమ యిండ్లలో ఆ పిడికెడు జొన్నలే కావచ్చును. ఆదివారమున ఆరాధనకు పోవునప్పుడు ఆ గింజలను గుడ్డసంచిలోనో, కొంగుననో మూటగట్టి తీసికొనిపోయి, కానుకల వేళ బలిపీఠము ముందుంచిన గంపలో కుమ్మరించును. దంపుడు బియ్యము, నూకలు, ముతకవి, పాతవి, అన్నియు నొకే గంపలో కలిసిపోవును. ఏ గింజ ఏ యింటిదో పిదప చెప్పజాలువారు లేరు. అందు కొంత ఉపదేశిగారి యింటికి పోవును; కొంత వేలమున అమ్ముడై రొక్కముగా సంఘనిధిలో చేరును. పాఠకులు ఇచ్చట ఒక సంగతిని నిలిచి చూడవలెనని నా ప్రార్థన. ఆ పిడికెడు, భోజనానంతరము మిగిలినదానిలోనుండి వచ్చినది కాదు, వండవలసినదానిలోనుండి వచ్చినది. కావున ఆ పూట ఇంటిలో ఎవరో యొకరు ముద్ద తగ్గించుకొనక తప్పదు. ఆ యొకరు, మన గృహముల నెరిగినవారికి చెప్పనక్కరలేదు, అందరికిని వడ్డించి కడపట కూర్చుండు ఆ తల్లియే.

ఈ తల్లులెవరు? తొంబదిపాళ్లు మాల మాదిగ వాడలవారు. తెలుగుదేశమున ఆంగ్లికను సంఘపు పని 1841లో మచిలీపట్టణమున రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ అను నిరువురు మిషనరీలతో ఆరంభమైనది. నోబుల్‌గారు పాఠశాల పెట్టి అగ్రవర్ణ బాలురకు విద్య చెప్పిరి. కొందరు మేధావులు క్రైస్తవులైరి. కాని సంఘము ప్రవాహమై సాగినది ఆ మార్గమున గాదు. 1859లో రాఘవాపురమను గ్రామమునందు పగోలు వెంకయ్య యను మాలకులస్థుడు బాప్తిస్మము పొందినది మొదలు, వాడవెంట వాడ, బంధువువెంట బంధువు కదలివచ్చిరి. ఒంగోలు ప్రాంతమున అమెరికను బాప్టిస్టులకడ 1878 జూలై 3వ తేదీన ఒక్క దినముననే 2222 మంది గుండ్లకమ్మ నదిలో బాప్తిస్మము పొందిన వృత్తాంతము జగద్విదితము. నిజాము రాజ్యమున ఈ జనులు వెట్టిచాకిరిక్రింద నలిగినవారు. దొరగారి గడీ పనికి కూలి లేదు, పాలేరుతనమునకు గడువు లేదు, తండ్రి చేసిన అప్పు కుమారుని మెడకు పలుపు. అట్టివారు క్రొత్తమతమును స్వీకరింపగా, ఊరివారును పట్టణములందలి విద్యావంతులును ఏకకంఠముగా పలికిన మాట ఒక్కటే: వీరు కూటికొరకు మతము మార్చుకొన్నవారని. కూటికొరకు వచ్చినవారని పేరుపడిన ఆ జనులే తమ కూటిలోనుండి తీసి దేవునికిచ్చుట నేర్చుకొనిరి. ఆ నిందకు అంతకుమించిన ప్రత్యుత్తరమును ఏ వేదపండితుడును, ఏ బారిస్టరును వ్రాసియుండలేదు.

ఈ దానశిక్షణమును ఒక వ్రతముగా సాగించిన అజరయ్యగారు తెలుగువారు కారు. తిరునెల్వేలి సీమలోని వెళ్లాళన్‌విళై యను గ్రామమున 1874 ఆగస్టు 17వ తేదీన, నాడారు కుటుంబమున, గ్రామగురువైన తండ్రికి జన్మించిరి. మద్రాసు క్రిస్టియను కళాశాలలో చదివియు పట్టము పొందలేదు. 1895 మొదలు వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా దక్షిణదేశమంతయు తిరిగిరి. ఆ తిరుగుటలో జాఫ్నాకు పోయినప్పుడు, అచ్చటి తమిళ క్రైస్తవులు తమ డబ్బుతో తమ బిడ్డలను సువార్తపనికి పంపుచుండుట కండ్లార గాంచి, తమ తిరునెల్వేలి సంఘము శతాబ్దకాలముగా విదేశ ధనము భుజించుచు ఒక్కనినైనను పంపకుండుటకు సిగ్గుపడిరి. ఆ సిగ్గునుండి 1903లో తిరునెల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీయు, 1905 డిసెంబరు 25న సేరంపూరులో నేషనల్ మిషనరీ సొసైటీయు పుట్టినవి. స్వదేశపు మనుష్యులు, స్వదేశపు ధనము, స్వదేశపు నిర్వహణము అనునవి వాని సూత్రములు. వంగదేశమున స్వదేశోద్యమము రగులుచున్న సంవత్సరమే ఆ 1905 అని చదువరులు గుర్తుంచుకొందురు గాక. తిరునెల్వేలివారు తమ సేవకు ఎన్నుకొన్న స్థలము దోర్నకల్. 1909లో ఆయన సుఖమైన కార్యదర్శిపదవిని విడిచి, గురువుగా అభిషిక్తుడై, ముప్పదియైదేండ్ల ప్రాయమున తెలుగు నేర్చుకొని ఆ యడవిగ్రామమునకు వచ్చిచేరిరి.

మరుసటి యేడు, 1910లో, ఎడిన్‌బరో నగరమున జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో ఆయన చేసిన ప్రసంగము ప్రఖ్యాతమైనది. మిషనరీలు మాకు ధనమిచ్చిరి, ప్రాణములిచ్చిరి; కాని మమ్ము తమ బల్లయొద్ద సమానులుగా కూర్చుండబెట్టుకొనలేదు; మాకు కావలసినది స్నేహితులు అని ఆయన నిండుసభలో నిర్భయముగా పలుకగా, తెల్లవారిలో కొందరు నొచ్చుకొనిరి. ఈ ప్రసంగమును నేటి మన వక్తలు తరచుగా ఉదాహరింతురు. కాని ఆ ధైర్యమెచ్చటనుండి వచ్చెనని యడుగువారు అరుదు. స్నేహము సమానులనడుమ గాని పుట్టదు. ఇచ్చువాడును పుచ్చుకొనువాడును ఎన్నటికిని మారకుండ నున్నచోట కృతజ్ఞతయో, మత్సరమో యుండును గాని మైత్రి యుండదు. తన జనులచేత ఇప్పించుటకు సిద్ధపడినవాడు గనుకనే ఆయన తెల్లదొరల మధ్య తల యెత్తి మాటలాడగలిగెను. ఎడిన్‌బరో ప్రసంగమును, దోర్నకల్ ఇల్లాలి పిడికెడు బియ్యమును ఒకే సత్యమునకు రెండు వ్యాఖ్యానములు.

బిషప్పైన పిమ్మట ఆయన తొలిమండలము చాల చిన్నది; తరువాత కృష్ణాతీరపు సంఘములును, ఇతర తెలుగు మిషనులును చేరి అది విశాలమై, ఆయన జీవితాంతమునకు రెండు లక్షలకు పైబడిన విశ్వాసులు గల మండలమైనది. ఎద్దుబండిమీద గ్రామగ్రామమునకును తిరిగి, వాడలలో చెట్టునీడను కూర్చుండి, చదువురాని స్త్రీపురుషులకు విశ్వాసప్రమాణమును, పది యాజ్ఞలను, ప్రభువు ప్రార్థనను కంఠస్థము చేయించుటయే ఆయన పాలనాపద్ధతి. మురికి, రోగము, అప్పు, త్రాగుడు అను నాలుగింటిని ఆయన వాడకు పట్టిన నాలుగు దయ్యములుగా నెంచి పోరాడిరి. బాప్తిస్మము పొందినవారిచే తమ చేతిని తమ తలపైనే ఉంచుకొనజేసి, సువార్త ప్రకటింపకయున్న తమకు శ్రమ యని పౌలు భక్తుని భావముతో ప్రతిజ్ఞ చేయించెడివారు. పుచ్చుకొనుటకు అలవాటుపడిన జనులు తొలిదినముననే ఇచ్చువారుగా లెక్కింపబడిరి: నోటితో సాక్ష్యము, చేతితో పిడికెడు. క్రైస్తవదానమును గూర్చి ఆయన ఒక గ్రంథమే రచింపగా అది పెక్కు భాషలలోనికి పోయినది. ఆయన సతి అన్బు మరియమ్మాళ్ గారు మండలమంతటను స్త్రీలను మాతృసమాజములుగా కూర్చి, ఇంటి శుభ్రత, బిడ్డల పెంపకము, కుటుంబప్రార్థనలతో పాటు ఈ కుండ యాచారమును గూడ పోషించిరి. బిషప్పుగారి పేరు వినినవారిలో ఈమె పేరు వినినవారు నూటికొక్కరైనను లేకుండుట మన చరిత్రరచనలోని లోపము.

ఈ బియ్యముతో సంఘవ్యయమంతయు గడచెనని నేను చెప్పుట లేదు. ఆసుపత్రులు, బోర్డింగుపాఠశాలలు, శిక్షణాలయములు చిరకాలము విలాయతు ధనముమీదనే నడచినవి. అజరయ్యగారు ఎంత బోధించినను మండలము ఆ సహాయమునుండి విముక్తము కాలేదు. ఆంగ్లప్రభుత్వముపట్ల ఆయన మెతకగా నుండిరనియు, జాతీయోద్యమమున చేరలేదనియు చేయబడిన విమర్శ నిరాధారము కాదు. అయినను పిడికెటి విలువను రూపాయలలో కొలుచుట తగదు. అది వాడవానిని సంఘమునకు యజమానిని చేసినది. ఉపదేశి తప్పు చేసిన యెడల, "మా గింజలు తినుచు మాకే యన్యాయమా" యని నిలదీయగల హక్కు పలకపట్టనెరుగని ముసలమ్మకును సంక్రమించినది. దొరగారి గడీయెదుట చెప్పులు చేతబట్టుకొని నడచిన మనుష్యుడు, సంఘసభలో చందాదారుడుగా కూర్చుండి లెక్క యడిగెను. ప్రజాస్వామ్యమను మాట తెలంగాణపు వాడలలో వినబడుటకు పూర్వమే దాని యభ్యాసము ఆ పెంకుటింటి గుడులలో జరిగినది.

ఈ స్వాతంత్ర్యమే రాజకీయమున గూడ పరీక్షింపబడినది. 1919 సంస్కరణములలోనే మద్రాసు శాసనసభయందు దేశీయ క్రైస్తవులకు ప్రత్యేక స్థానములు కల్పింపబడియుండెను. 1932 ఆగస్టులో ప్రకటితమైన కమ్యూనల్ అవార్డు మతమునుబట్టి ఓటరులను వేరుచేయు ఆ విభజనమును మరింత స్థిరపరచినది. లాభము గలిగించు ఈ వరమును, పొందవలసిన సంఘపు అగ్రనాయకులే నిరాకరించిరన్న మాట నేటి యువకులకు నమ్మశక్యము కాకపోవచ్చును. మొదటి రౌండుటేబులు సమావేశమున క్రైస్తవ ప్రతినిధియైన కె.టి. పాల్ గారు ప్రత్యేక నియోజకవర్గములను ప్రతిఘటించిరి. అజరయ్యగారి వాదము మరింత లోతైనది. సంఘమనగా అన్ని కులములనుండియు, అన్ని జాతులనుండియు దేవుడు పిలిచినవారి సహవాసము. దానిని ఓటరుజాబితాలో నొక వర్గముగా వ్రాసినచో అది మరియొక కులమై కూర్చుండును. అప్పుడు ప్రతి బాప్తిస్మమును ఒక వర్గపు సంఖ్యాబలమును పెంచి, మరియొక వర్గపు బలమును తగ్గించు రాజకీయకార్యముగా కనబడును. పొరుగువాడు సువార్తను వినుటకు ముందే తలలు లెక్కించును. ఇంతటి దూరదృష్టి గల రాజకీయవాక్యమును ఆ దశాబ్దమున పలికినవారు కొలదిమందియే.

1935 అక్టోబరులో యేవలాయందు డాక్టరు అంబేడ్కరు తాను హిందువుగా మరణింపనని ప్రకటించిన పిమ్మట దేశమంతటను మతాంతరముల చర్చ చెలరేగినది. గాంధీమహాత్ముడు తన హరిజన్ పత్రికలో, హరిజనులమధ్య మిషనరీలు చేయు ప్రచారమును తీవ్రముగా విమర్శించెను. దోర్నకల్ మండలమున ఏటేట వేలకొలది బాప్తిస్మములు జరుగుచుండుటచేత ఆ విమర్శ సూటిగా అజరయ్యగారిని తాకినది. ఇరువురును దైవభక్తులే, ఇరువురును బీదల పక్షపాతులే. కాని మహాత్ముని దృష్టిలో ఆ జనులు బోధను తూచి యెన్నుకొను స్థితిలో లేని యమాయకులు, బిషప్పుగారి దృష్టిలో ఆత్మగల మనుష్యులు, తమ నిర్ణయము తాము చేసికొనగలవారు. ఈ వివాదమున నేను ఎవరి పక్షమో దాచను. మహాత్మునియందు నాకు గల భక్తి యణుమాత్రమును తగ్గకుండగనే చెప్పుచున్నాను: తన యన్నములోనుండి ప్రతిదినము దేవునికి భాగము తీయు మనిషిని, ఏమి చేయుచున్నదో తెలియనిదానిగా ఎంచుట న్యాయము కాదు.

1949 మే నెలలో రాజ్యాంగసభ మతాల్పసంఖ్యాకులకు శాసనసభలలో ప్రత్యేక స్థానములుంచు పద్ధతిని త్రోసివేసినప్పుడు, ఆ సభకు ఉపాధ్యక్షుడును బెంగాలు క్రైస్తవుడునైన హరేంద్రకుమార్ ముఖర్జీగారు దానిని మనఃపూర్వకముగా బలపరచిరి. అజరయ్యగారు అప్పటికి కాలధర్మము నొందియుండిరి. కాని ఆయన వాదము గెలిచినది. ఇక్కడ ఒక కఠినసత్యమును గూడ చెప్పవలెను. 1950నాటి రాష్ట్రపతి యుత్తర్వు షెడ్యూల్డు కులముల జాబితాను హిందువులకు పరిమితము చేసి, తరువాత సిక్కులకును, బౌద్ధులకును విస్తరింపజేసినను, క్రైస్తవులైన మాల మాదిగలను వెలుపలనే యుంచినది. మన రాష్ట్రములలో వారు బి.సి.-సి వర్గమున నొకశాతపు రిజర్వేషనుకు పరిమితులైరి. వాడలో ఏ మార్పును లేదు, ఊరివారి చూపులో మార్పు లేదు, కాగితముమీద మాత్రము కులము మాసిపోయినది. ఇది యన్యాయమని నా మతము. కాని దానివలన ఆదివారమున నొక పేరును, తహసీలుదారు కచ్చేరిలో మరియొక పేరును ధరించు జీవితము మన బిడ్డలకు అలవడి, సంఘపు సత్యవాక్యశీలమును లోలోపల తినివేయుచున్నదనుటయు అంతే నిజము.

అజరయ్యగారి ఆంగ్లికను సంప్రదాయనిష్ఠను నేడు కొందరు విలాయతు పూజ యని పొరబడుచున్నారు. వారు ఒక్కసారి దోర్నకల్ కథీడ్రలును చూడవలెను. మెదక్‌లో మిషనరీయైన పాస్నెట్‌గారు కరవుదినములలో బీదలకు పని కల్పించుచు 1914 మొదలు పదియేండ్లు కట్టించి 1924 క్రిస్మసునాడు ప్రతిష్ఠించిన దేవాలయము, గోథిక్ శైలిలో 175 అడుగుల శిఖరముతో ఇంగ్లండుదేశపు ఆలయములకు చెల్లెలివలె నిలిచియున్నది. దాని సౌందర్యమునకు నేనును తలయొగ్గుదును. దోర్నకల్‌లో మెల్లమెల్లగా లేచి 1939 జనవరి 6వ తేదీన, ప్రభువు ప్రత్యక్షత పండుగనాడు ప్రతిష్ఠింపబడిన దేవాలయము వేరొక జాతిది. దాని గుమ్మటములును మీనారులును నిజామురాజ్యపు మసీదులను తలపించును. లోనికి పోయి రాతికంబముల వరుసనడుమ నిలిచినచో దక్షిణదేశపు దేవాలయ మండపమున నిలిచినట్లుండును. కంబములమీద పద్మములును అరటిపూవులును తెలుగు తమిళ శిల్పుల చేతినుండి యెన్నియో తరములుగా జాలువారిన రూపములే. కాని ఆ పద్మముల మీదుగా చూపు పోయి నిలుచునది సిలువయందు. ఇంటిభాషలో ఆరాధన, క్రైస్తవకవి పురుషోత్తమ చౌదరి ప్రభృతుల కీర్తనలు, తాళము, మృదంగము, కోలాటము, కోతపండుగ: వీనినన్నిటిని ఆయన ఆదరించిరి. త్రాగుడును, బాల్యవివాహమును, కులగర్వమును మాత్రము గుడిగుమ్మముకడనే నిలిపివేయుటకు పాటుపడిరి. మాల మాదిగల మధ్యనుండిన పాతవైరము సంఘములోనికి దిగివచ్చి ఆయన చివరి దినములను గూడ బాధించినదని చరిత్ర చెప్పుచున్నది. గెలువలేని యుద్ధమని ఆయన దానిని విడువలేదు.

సంఘైక్యమునకై ఆయన చేసిన తపస్సును సంక్షేపముగా చెప్పి ముందుకు పోయెదను. 1919 మే మాసమున తరంగంబాడిలో ఆయన అధ్యక్షత క్రింద భిన్నసంఘముల గురువులు, అందరును ఇంచుమించుగా భారతీయులే, సమావేశమై ఐక్యప్రకటన గావించిరి; పాశ్చాత్యులు తమ దేశములలో తెచ్చుకొన్న చీలికలను మేమేల మోయవలెనని వారి ప్రశ్న. ఇరువది యెనిమిది సంవత్సరముల చర్చలపిమ్మట, 1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జి కథీడ్రలునందు దక్షిణ ఇండియా సంఘము అవతరించినది. దానిని కన్నులార జూచు భాగ్యము ఆయనకు లేదు. 1945 జనవరి 1వ తేదీన దోర్నకల్‌లోనే దేహము చాలించిరి.

పిమ్మట ఏమైనది? మిషనరీలు పోయిరి, వారి బంగళాలు, పాఠశాలలు, పట్టణమధ్యమున పెరిగి పెరిగి కోట్ల విలువకు చేరిన స్థలములు మిగిలినవి. ఆస్తి యున్నచోట పెత్తనమునకై పోటీ కలుగుట లోకస్వభావము. సంఘపు కమిటీ యెన్నికలు పంచాయతీ యెన్నికలవలె జరుగుటయు, ఓటర్లను లారీలలో తెచ్చుటయు, ఓడినవారు న్యాయస్థానముల కెక్కుటయు, దైవజనుల తగవును న్యాయమూర్తులు తీర్చుటయు నేడు తెలుగుదేశమున వింత గొలుపని వార్తలైనవి. ఈ దుస్థితికి మనుష్యుల దుర్మార్గమొక్కటే కారణమని నేననుకొనను. సంఘమునకు ధనము అద్దెలనుండియు, కళాశాలలనుండియు వచ్చుచున్నప్పుడు, వాడలోని ముసలమ్మ పిడికెడు ఎవనికి కావలెను? ఆ పిడికెడు అక్కరలేనినాడు ఆమె ప్రశ్నయు అక్కరలేదు. లెక్క యడుగువారు వెలుపలికి పోయిరి. పంచుకొనువారు లోపల మిగిలిరి.

ప్రభుత్వముల సంగతి చూడుడు. ఎన్నికలు సమీపింపగనే అన్ని పక్షముల నాయకులును క్రిస్మసు వేదికలెక్కి కేకులు కోయుచున్నారు. ప్రభుత్వమే విందులు పెట్టి బట్టలు పంచినది. ఆంధ్రప్రదేశ్‌లో పాస్టర్లకు నెలకు 5,000 రూపాయల గౌరవవేతనమిచ్చు పథకము గూడ వచ్చినది. పల్లెటూరి పాస్టరుగారి పేదరికమును నేనెరుగుదును. పిల్లల ఫీజులు కట్టలేక, అద్దెయిల్లు మారలేక, సైకిలుమీద నాలుగూళ్లు తిరుగువానిని ఆ సొమ్ము పుచ్చుకొనెనని నిందించుటకు నాకు నోరాడదు. నా దుఃఖము వేరు. అర్చకునికిని, ఇమామునకును ఇచ్చునప్పుడు మాకేల ఈయరని మనము దరఖాస్తు పెట్టితిమి. మన గురువును మనమేల పోషింపలేకపోతిమని మనలను మనము ప్రశ్నించుకొనలేదు. ప్రభుత్వపు జీతము తినువాడు ప్రభుత్వమనుమతించిన మద్యదుకాణమునకు వ్యతిరేకముగా ఆదివారమున ఏ కంఠముతో ప్రసంగించును? ఇది ఏ యొక్క పక్షమును గూర్చియు పలికిన మాట కాదు; అన్నము పెట్టిన చేతిని ఖండించుట మనుష్యమాత్రునికి దుస్సాధ్యము.

ఆరాధనయందును ఇట్టి మార్పే వచ్చినది. డ్రమ్ములను, కీబోర్డులను, తెరమీద కదలు పాటలను చూచి నేను అలుగను. అజరయ్యగారి గుడిలో మృదంగము మ్రోగినది గదా. నాకు మింగుడుపడనిది, ఇచ్చిన రూపాయికి నూరు రూపాయలు దేవుడు తిరిగి యిచ్చునని ఫ్లెక్సీలు కట్టి, టెలివిజనులోను యూట్యూబులోను బోధించు బోధ. స్వస్థత మహాసభలలో ఖాతాసంఖ్యయు, క్యూఆర్ కోడును ఎదుట నిలిపి, దీనికి విత్తనమని పేరుపెట్టి బీదలయొద్ద గుంజుకొనుచున్నారు. పిడికెడు తీసిన తల్లి దేవునితో బేరమాడలేదు. సువార్తలో రెండు కాసులు వేసిన విధవరాలివలె, ఆ పూట తగ్గిన ముద్దను మరల కోరలేదు. ఆమె యిచ్చినది కృతజ్ఞతగా. నేడు ఇప్పించుచున్నది పెట్టుబడిగా. పైకి రెండును కానుకలే, రెండును గంపలోనే పడును; కాని మొదటిది మనుష్యుని నిటారుగా నిలబెట్టినది, రెండవది అతనిని మరల దొరవాకిట నిలబెట్టుచున్నది, దొర మాత్రమే మారినాడు.

ఈ యాచారము కాలము చెల్లినదని చెప్పువారికి నా సమాధానము మిజోరాము. ఆ కొండలలో స్త్రీలు వంటకు ముందు పిడికెడు బియ్యము తీయు పద్ధతిని నూరేండ్లకుపైగా విడువక సాగించుచున్నారు. ఆ గింజలే అక్కడి సంఘముల రాబడిలో గణనీయమైన భాగమై, వారి మిషనరీలను దేశమంతటికిని పంపుచున్నవి. గ్యాసుపొయ్యి వారికిని వచ్చినది, రేషనుబియ్యము వారికిని వచ్చినది. తెలుగుదేశమున గూడ కొన్ని పల్లెసంఘములలో కోతపండుగనాడు గుమ్మడికాయలు, కోళ్లు, ధాన్యపుబస్తాలు గుడిముందు వేలమువేయుట నేటికిని కలదు. ఏటికొక్కసారి జరుగు ఆ వేడుక వెనుక దినదినమును జరిగిన పిడికెడు మాత్రము మరుగైపోయినది.

కావున సంఘపెద్దలకును, పాస్టరుగార్లకును, విశేషించి మాతృసమాజపు తల్లులకును నా విన్నపము ఇది. రాబోవు కోతపండుగనుండి మీ మీ సంఘములలో ప్రతి యింటను ఈ కుండను మరల పెట్టించుడు. బియ్యము వద్దనువారు ఆ పూట వంటకు పట్టు వెలలో పిడికెటి పాలు నాణెములుగా వేయుదురుగాక. వచ్చినదంతయు మీ సంఘకాపరి పోషణకును, మీ వాడలోని విధవలకును మాత్రమే వినియోగించుడు. నెలకొక ఆదివారమున, ఆశీర్వాదమునకు ముందు, వచ్చినదెంత, పోయినదెంత, మిగిలినదెంత యని లెక్కను బిగ్గరగా చదివి వినిపింపుడు. వినుచున్నవారిలో ఎవరు ప్రశ్న వేసినను, వారు చదువురానివారైనను, నిలబడి సమాధానము చెప్పుడు.